స్టూరర్ ఎమిల్‌కి సున్నం

ఆదివారం. పొద్దుటి నుంచీ ముసురు. కంప్రెసర్ ట్యాంకు అడుగున స్క్రూ వదిలితే బుస్సుమని నీళ్లొచ్చాయి. విశాఖలో వానాకాలం ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) పట్టుకుంటే ఉండే బాధే ఇది, గాలిలో చెమ్మంతా గొట్టంలో చేరి, సరిగ్గా పెయింట్ నున్నగా పడుతున్నప్పుడే ఒక నీటిచుక్కని తెచ్చి మోడల్ మీద ఉమ్ముతుంది. చెమ్మని పట్టే మాయిశ్చర్ ట్రాప్ పెట్టినా పూర్తిగా ఆగదు. కాకపోతే ఇవాళ దాని గురించి పెద్ద టెన్షన్ లేదు. ఇవాళ వేసే రంగు ఎలాగూ గీకి పారెయ్యడానికే.

బల్ల మీద ఉన్నది స్టూరర్ ఎమిల్, రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ఫిరంగి బండికి ప్లాస్టిక్ మోడల్, 1/35 స్కేలు, అంటే అసలు బండిలో 35వ వంతు. జర్మన్లు మొత్తం రెండే చేశారు. హెన్షెల్ వాళ్లు ఒక భారీ ట్యాంకు కోసం వీకే 3001 అని కొన్ని నమూనా బండ్లు తయారు చేస్తే, ఈలోగా ఇంకా బరువైన టైగర్ రావడంతో వాటి పని అయిపోయింది. అవి ఊరికే పోకుండా వాటిలో రెండింటిని సాగదీసి, విమానాలను కూల్చే ఫిరంగి నుంచి పుట్టిన 128 మిల్లీమీటర్ల ఫిరంగిని ఎక్కించారు. గొట్టం ఒక్కటే దాదాపు 7.8 మీటర్లు, నా బల్ల మీద అది 22 సెంటీమీటర్లు. దుమ్ము తుడుస్తూ చెయ్యి తిప్పిన ప్రతిసారీ మోచేతికి అదే తగులుతుంది. 1942లో రెండూ తూర్పు రంగానికి వెళ్లాయి. ఒకటి అక్కడే నాశనమైంది, రెండోది 1943 జనవరిలో స్టాలిన్‌గ్రాడ్ దగ్గర సోవియట్ సైన్యానికి చిక్కింది. మిగిలింది అదే, మాస్కో దగ్గర కుబింకా ట్యాంకు మ్యూజియం సేకరణలోకి చేరింది.

నాకు ఇలాంటి బండ్లంటేనే ఇష్టం, టైగర్లూ పాంథర్లూ అందరూ చేస్తారు. ఇవైతే బతికిన కాలం తక్కువ కాబట్టి ఏ బండి ఎప్పుడు ఎక్కడుందో దాదాపు మొత్తం పట్టుకోవచ్చు, వెదరింగ్ (మోడల్‌ని నిజంగా వాడి మాసిన బండిలా కనిపించేట్టు చెయ్యడం) చేసేటప్పుడు అదే కావాలి. మనవాళ్లు, మనవాళ్లేంటి ప్రపంచంలో ఎక్కడివాళ్లైనా, చేసే పని ఏంటంటే ట్యాంకు అనగానే తుప్పు పట్టించేస్తారు. నారింజ రంగు తుప్పు, కారిన చారలు, అంచులన్నిటికీ వెండి గీతలు. మౌస్ అని 188 టన్నుల బండి ఒకటుంది, అదీ రెండు నమూనాలే, పరీక్షల మైదానంలో తిరిగిన బండి. దానిక్కూడా నాలుగేళ్లు యుద్ధం చేసినట్టు వెదరింగ్ చేసి పెడతారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ దానికి పరీక్షల బురద చాలు కదా. అదే స్టర్మ్‌టైగర్ అనే ఇంకో జర్మన్ బండి చేస్తూ, 1944 ఆగస్టులో వార్సా వీధుల్లో పోరాటం అనుకుంటే ఇటుక పొడీ సిమెంటు దుమ్మూ ఉండాలి, అక్కడ బురదకంటే కూలిన మేడలే ఎక్కువ.

తుప్పు సంగతి ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. ఉప్పుగాలికి మా గేటు అడుగు ఊడి చేతిలోకొచ్చేసింది. అయితే అది ఏళ్ల మీద జరిగిన పని. ఎమిల్‌కి ఏళ్లెక్కడివి, కొన్ని నెలలు. పైగా కవచం రేకు కాదు, మందపాటి ఉక్కు, దాని మీద ప్రైమరు, ప్రైమరు మీద గ్రే రంగు. రంగు లేచిన చోట కింద ఎర్ర ప్రైమరో నల్లటి ఉక్కో కనిపించాలి గానీ అల్యూమినియం గిన్నెలాగా మెరవకూడదు. సైజు లెక్క ఇంకోటి. ఈ స్కేల్లో ఒక మిల్లీమీటరు పెచ్చు అంటే అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్ల పెచ్చు. ఆ లెక్క మనసులో ఉంటే బ్రష్ దానంతటదే సన్నబడుతుంది.

రంగు విషయంలో మాత్రం ఈ బండికి తర్జనభర్జన లేదు. జర్మన్లు ముదురు గ్రే మానేసి ముదురు పసుపుకి మారింది 1943 ఫిబ్రవరిలో. అప్పటికే ఎమిల్ పట్టుబడిపోయింది. కాబట్టి ఆర్ఏఎల్ 7021 (జర్మన్ల రంగుల పట్టికలో నంబరు) గ్రే, దాని మీద చలికాలపు తెలుపు. తెలుపు వెయ్యడం నా ఎంపిక, గ్రే ఒక్కటే అయితే 35 టన్నుల పెట్టెలా ఉంటుంది.

ఆ తెలుపు కోసమే హెయిర్ స్ప్రే. గ్రే ఆరాక దాని మీద హెయిర్ స్ప్రే పొర, దాని మీద పల్చగా తెల్ల ఎక్రిలిక్, తర్వాత నీళ్లలో ముంచిన గట్టి బ్రష్‌తో రుద్దితే కింద స్ప్రే కరిగి పైన తెలుపు పెచ్చులుగా లేస్తుంది. తెలుపుని లాకర్ థిన్నర్‌తో కలిపితే కిందికి పట్టేసి లేవనంటుంది, నీళ్లతో కలపాలి. ఆరాక ఎక్కువసేపు వదిలెయ్యకూడదు కూడా. ఫ్యాన్సీ షాపులో ఆ డబ్బా అడిగినప్పుడు కౌంటర్ అబ్బాయి నా నెత్తి వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. (ఉన్న నాలుగు వెంట్రుకలూ నావే.)

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. నేను అప్పటికి ఎడమ పక్క అంతా తెలుపు కొట్టేసి, అక్కడో చుక్క ఇక్కడో చుక్క చెదురుమదురుగా లేపుతున్నాను.

"ఏట్రా అది, సున్నమా?"

"అలాంటిదేనమ్మా. మంచులో కనపడకుండా వాళ్లు కొట్టుకునేవారు. మంచు పోయాక కడిగేస్తారు."

"జిగురు కలిపేవారా?"

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. కడిగితే పోవాలి కాబట్టి గట్టిగా పట్టే రంగు కాదన్నాను. అయితే అలా చుక్కలు చుక్కలుగా పోదురా అంది. పెంకుటింట్లో పండక్కి సున్నం వేసినప్పుడు జిగురు తక్కువైతే గోడకి జేరబడ్డవాడి వీపుకల్లా అంటుకునేదట, నెల తిరిగేసరికి అరుగు పక్కన మనుషులు ఆనుకునే ఎత్తులో గోడ మట్టిరంగు తేలేదట, పైన చూరు కింద మాత్రం మళ్లీ పండగ దాకా తెల్లగానే ఉండేదట. చెప్పేసి టీవీ దగ్గరికి వెళ్లిపోయింది.

నేను బ్రష్ పక్కన పెట్టి బండిని తిప్పి తిప్పి చూశాను. అయిదుగురు మనుషులు. పైకప్పు లేని బండి. రోజూ ఎక్కాలి, దిగాలి, గుండ్లు పైకి అందించాలి, బరువు గుండ్లు అవి. ఎక్కడ కాలు పెడతారు, ఎక్కడ చెయ్యి పట్టుకుంటారు, కోటు ఎక్కడ రాసుకుంటుంది? గోడల పై అంచు, వెనక పలక, ఇంజన్ మూతల చుట్టూ, డ్రైవర్ దిగే చోటు. అక్కడ మొత్తం రుద్దేశాను, గ్రే తేలేదాకా. గోడల మధ్యభాగం, చెయ్యి ఆనని చోట, దాదాపు ముట్టుకోలేదు. చుక్కలు పోయాయి, ఎవరో వాడిన బండిలా కనిపించడం మొదలైంది. లోపలి భాగం కూడా గ్రేనే ఉంచాను, పైన కప్పు లేని బండ్ల లోపల బయటి రంగే వేసేవారు. నేల మీద మట్టి బూట్ల మరకలు మాత్రం వేశాను.

చక్రాల పని విసుగు. ఒకదాని సందులో ఒకటి దూరి ఉండే చక్రాలు, ఆ సందుల్లో బురద చేరి రాత్రికి గడ్డకట్టేసే సమస్య ఈ రకం బండ్లన్నిటికీ ఉంది. పిగ్మెంటు (రంగు పొడి), ప్లాస్టర్ పొడి, కాస్త తెలుపు కలిపి టూత్‌పిక్‌తో కుక్కాను. మెడ పట్టేసింది.

చివరికి గొట్టం. కుబింకా బండి పట్టుబడినప్పుడు గొట్టం మీద 22 గీతలున్నాయి, కొట్టిన ట్యాంకుకొకటి. కిట్‌తో వచ్చిన డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే బొమ్మలు) షీటులో అవి పట్టీల్లా ఎంత నీటుగా ఉన్నాయో. టీ-34 అనే సోవియట్ ట్యాంకులో అప్పట్లో నలుగురు కూర్చునేవారు. 22 అనే అంకెని నాలుగుతో గుణించడం నాకిష్టం లేదు, అయినా గీత గీతకీ మనసు ఆ లెక్కే చేస్తోంది. ఒక దశలో గీతలు మానేద్దామా అనుకున్నాను. మానేస్తే అది ఎవరికీ హాని చెయ్యని ముచ్చటైన తెల్లబండి అయిపోతుంది, అది ఇంకా పెద్ద అబద్ధం. డెకాల్స్ పక్కన పడేసి, గొట్టం ఆ మేర గ్రేగానే ఉంచి, సున్నా నంబర్ బ్రష్‌తో చేత్తోనే వేస్తున్నాను. వంకరగా వస్తున్నాయి, రానీ, వాళ్లూ చలిలో చేత్తోనే వేసుంటారు. తొమ్మిదో గీత దగ్గర కరెంటు పోయింది.

మిగతావి రేపు ఆఫీసు నుంచి వచ్చాక. ట్రాకులైతే సగం లింకులు ఇంకా స్ప్రూ (కిట్‌లో ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీదే ఉన్నాయి, అవి ఈ వారం తెమిలేలా లేవు.