టెస్టుకు సొంత గడియారం

రుషికొండలోని మా ఆఫీసు అవసరాల కోసం ఫైళ్లలో మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ పైన ఒక చిన్న సాధనం రాసుకున్నాం. ఏ రోజు ఎవరు ఏ ఫైళ్లు మార్చారో అది చెబుతుంది. దాని పనితీరును తనంతట తానే సరిచూసే టెస్టుల్లో ఒకటి పగలంతా సజావుగా పాసవుతూ, రాత్రి షిఫ్టులో నడిపినప్పుడు మాత్రం ఫెయిలయ్యేది. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5.30 వరకు మనకు కొత్త తేదీ వచ్చేసినా ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో నిన్నటి తేదీయే నడుస్తుంది; సాధనం మన కాలమానాన్ని, టెస్టు యూటీసీని నమ్ముకున్నాయి.

తేదీ ఉన్నచోట రెగెక్స్ (అక్షరాల నమూనా) పెట్టి ఏ తేదీ వచ్చినా ఒప్పుకుందామన్న సూచన వెంటనే వచ్చింది. నాకది నచ్చలేదు, ఎందుకంటే తేదీ సరిగ్గా చెప్పడమే ఆ సాధనం పని. టెస్టును సడలించే ముందు అది నడిచే పరిసరాలను బిగించాలి.

గిట్ సొంత టెస్టులు చేసేది ఇదే. గిట్‌లో నమోదు చేసే ఒక్కో మార్పు ఒక కమిట్; దాన్ని గుర్తించే కోడ్ హ్యాష్. ఆ హ్యాష్‌లో ఫైళ్ల స్థితి, పేరెంట్ కమిట్ (దానికి ముందున్నది), సందేశంతో పాటు రచయిత, కమిటర్ల (మార్పును నమోదు చేసినవారి) పేర్లు, సమయాలు కూడా కలుస్తాయి కాబట్టి ఒక్క సెకను తేడా వచ్చినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. అందుకే అక్కడ టైమ్ జోన్‌ను యూటీసీగా ఖాయం చేసి, ‘టెస్ట్ టిక్’ అనే ఫంక్షన్‌ను పిలిచినప్పుడల్లా కమిట్ సమయాన్ని 60 సెకన్లు ముందుకు జరుపుతారు. ఆ గడియారం మొదలయ్యేది 2005 ఏప్రిల్ 7న, గిట్ సోర్స్‌లో మొట్టమొదటి కమిట్ పడిన సెకను దగ్గర. ఇలాంటి కొంటెతనం నాకిష్టం.

గడియారం కుదిరినా కాన్ఫిగ్ (ఎవరి కంప్యూటర్లో వారు పెట్టుకున్న సెట్టింగులు) మిగులుతుంది. ఒకరి ల్యాప్‌టాప్‌లో కమిట్లకు జీపీజీ అనే డిజిటల్ సంతకం తప్పనిసరి, విండోస్ వాడేవారికి ఆటోసీఆర్ఎల్ఎఫ్ అనే సెట్టింగు లైను చివరి గుర్తులను మారుస్తుంది, 2020లో వచ్చిన గిట్ 2.28 వెర్షన్ నుంచి తొలి బ్రాంచి (కమిట్ల వరుస) పేరు కూడా ఎవరి సెట్టింగును బట్టి వారిది. హోమ్ డైరెక్టరీని ఖాళీ ఫోల్డర్‌కు మళ్లించి, సిస్టమ్ కాన్ఫిగ్‌ను చదవనివ్వకుండా చేసి, బ్రాంచి పేరును టెస్టే చెబితే వీటిలో చాలావరకు తీరిపోతాయి.

ఇంత బిగించినా 40 అక్షరాల హ్యాష్‌ను టెస్టులో నేరుగా రాయకూడదు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే హ్యాష్ పద్ధతిని వాడే రిపాజిటరీలో (గిట్ భాండారంలో) అది 64 అక్షరాలవుతుంది. హ్యాష్ చెప్పే గిట్ కమాండు రెవ్-పార్స్‌ను అడిగి తీసుకోవడం మేలు. అలాగే గిట్ స్టేటస్ కమాండు మనుషుల కోసం ముద్రించే వాక్యాలు వెర్షన్‌ను బట్టి, భాషను బట్టి మారవచ్చు కాబట్టి, ప్రోగ్రాములు చదవడానికి ఇచ్చే, మారదని హామీ ఉన్న పోర్సెలిన్ రూపాన్నే పోల్చాలి.

సడలింపు అసలే వద్దని కాదు. గిట్ లాంటిదే మరో సాధనమైన మెర్క్యూరియల్ టెస్టుల్లో ఆశించిన అవుట్‌పుట్ లైను చివర ‘గ్లోబ్’ అని రాస్తే ఆ లైనులో నక్షత్రం గుర్తున్నచోట ఏ పాఠమైనా చెల్లుతుంది. తాత్కాలిక ఫోల్డర్ పేర్లకు ఇది సరిపోతుంది. కానీ ఫెయిలైన ప్రతి లైనుకూ అదే తగిలిస్తే, సాధనం తప్పు ఫైలు పేరు చెప్పినా టెస్టు పాసవుతుంది. అందుకే మా రివ్యూలో నక్షత్రం కనిపిస్తే, అక్కడ ఏది మారుతుందో, దాన్ని ఎందుకు బిగించలేమో పక్కనే ఒక లైను కామెంటుగా రాయమంటున్నాను.