పెన్సిల్వేనియాలో ఒక తేదీకి పోయే ఓటు

మిడ్‌టర్మ్ (అమెరికా అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో జరిగే ఎన్నికలు) వచ్చిందంటే మన డెమొక్రాట్లు టీవీ ప్రకటనల మీద డబ్బు కుమ్మరిస్తారు. అందులో సగమైనా పోస్టల్ ఓట్ల వెంటపడే వలంటీర్లకు పెట్టాలి.

పెన్సిల్వేనియానే తీసుకోండి. బ్యాలెట్‌ను ముందు లోపలి గోప్య కవరులో పెట్టి అంటించాలి. అది లేకపోతే ఓటు చెల్లదు. తర్వాత బయటి కవరు మీద సంతకం, ఆ రోజు తేదీ. ఇక్కడే కొందరు అలవాటుగా పుట్టినతేదీ రాసేస్తారు. 2022లో రిపబ్లికన్ పార్టీ కోర్టుకెక్కి, తేదీ లేని, తేదీ తప్పిన కవర్లను లెక్కించకుండా పక్కన పెట్టించింది. అర్హత ఉండి, గడువులోగా వేసిన ఓటును ఇలా తీసేయించడం పచ్చి అన్యాయం. కోర్టుల్లో ఏం తేలినా సరే, తేదీ వేయమనే చెప్పండి.

పోలింగ్ రోజు రాత్రి 8 గంటలకల్లా కవరు కౌంటీ (జిల్లా లాంటిది) ఎన్నికల కార్యాలయానికి చేరాలి, పోస్టు ముద్ర చూడరు. కాబట్టి చివరి వారంలో పోస్టు వద్దు, స్వయంగా వెళ్లి ఇచ్చి రమ్మనండి. తప్పు దిద్దుకునే వీలు కొన్ని కౌంటీలే ఇస్తాయి. ఇవ్వనిచోట ఓటరు పోలింగ్ కేంద్రానికి వెళ్లి ప్రొవిజనల్ బ్యాలెట్ (అర్హత సరిచూశాక లెక్కించే తాత్కాలిక ఓటు) అడగాలి. కవరులో తప్పుందని తెలిసిన రోజే వలంటీరు ఆ ఓటరుకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాలి.