పాప క్లాస్‌తో ఓల్డ్ స్టర్‌బ్రిడ్జ్ విలేజ్

ఈసారి పాప ఫీల్డ్ ట్రిప్‌కి వాలంటీర్‌గా నేను కూడా వెళ్ళా, ఓల్డ్ స్టర్‌బ్రిడ్జ్ విలేజ్ అంటే పాతకాలం పల్లెలా కట్టిన ఆరుబయటి మ్యూజియం, మసాచుసెట్స్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి. 1790ల నుంచి 1830ల దాకా న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య రాష్ట్రాలు) పల్లె ఎలా ఉండేదో చూపిస్తారు, అక్కడక్కడా ఉన్న పాత ఇళ్ళు, బడి, మిల్లులు విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు, 1946లో ఓపెన్ చేశారు.

నా గ్రూప్ పిల్లలు కమ్మరి దగ్గర్నుంచి కదిలితే ఒట్టు. ఆయన తిత్తి లాగుతుంటే కొలిమి భగ్గుమంటోంది, ఎర్రగా కాలిన కడ్డీ కళ్ళముందే కొక్కెం అయిపోయింది. మేకులన్నీ మీరే చేస్తారా అని ఒక బాబు అడిగాడు, మంచి ప్రశ్న అది, ఎందుకంటే 1830ల్లోనే మేకులు మిషన్ మీద వచ్చేసేవి, పల్లెటూరి కమ్మరికి ఎక్కువగా రిపేర్ల పనే ఉండేది.

కార్డింగ్ మిల్లులో నీళ్ళచక్రం తిరుగుతుంటే ఉన్ని మెత్తగా దువ్వినట్టు బయటికొస్తుంది, చాలా బాగుంది. అప్పుడు పాపకి ఒక మాట చెప్పాలనిపించింది, ఉన్ని సరే, ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల బట్టల మిల్లులకి వచ్చిన పత్తి చాలావరకు సౌత్‌లో బానిసలు పండించిందమ్మా అని. వెంటనే "మరి వాళ్ళ ఊరు ఎక్కడ చూపిస్తారు నాన్నా?" అంది. లూసియానాలో విట్నీ ప్లాంటేషన్ అని ఉంది, మ్యూజియం మొత్తం వాళ్ళ జీవితాల గురించే, ఇంకాస్త పెద్దయ్యాక అక్కడికీ తీసుకెళ్తా.