బరంపురంలో ఆరుబయట కూర్చుని తినాలంటే

ఫలానా హోటల్లో బయట కూర్చుంటే బాగుంటుందా అని బంధువులెవరైనా అడిగితే, ఏ నెలలో, ఏ వేళకు వెళ్తున్నారని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. అది వాళ్ళకు తప్పించుకునే జవాబులా తోచవచ్చు గాని, ఒడిశాలోని మన బరంపురంలో అంతకు మించి సూటిగా చెప్పడం కుదరదు. మేడ మీద పందిరి వేసిన హోటళ్ళు, పాత ఇంటి వాకిట్లో చెట్టు కింద బల్లలు వేసినవి, రోడ్డు అంచున ప్లాస్టిక్ కుర్చీలు పరచిన టిఫిన్ దుకాణాలు ఇప్పుడు మన ఊళ్ళో ఏ పేటకు వెళ్ళినా కనిపిస్తున్నాయి. వాటి వంట గురించి చెప్పేవాళ్ళకు కొదవ లేదు. కూర్చునే చోటు గురించి మాత్రం ఫోటోలు తప్ప మరేమీ దొరకదు. ఫోటోలో గాలి కనిపించదు, కాలువ వాసన తెలియదు, మధ్యాహ్నం నీడలో ఉన్న బల్ల సాయంత్రం ఐదింటికి ఎండలో పడుతుందో లేదో అసలే తెలియదు.

అన్నిటికంటే ముందు చూసుకోవలసింది గాలి. మనకు సముద్రం ఆగ్నేయంగా, గోపాలపూర్ వైపు, పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంది. ఎండాకాలంలో నేల నీటి కంటే త్వరగా వేడెక్కుతుంది కనుక పగటిపూట సముద్రం మీది చల్లటి గాలి లోపలికి వస్తుంది. తీరంలో ముందుగానే మొదలయ్యే ఆ గాలి ఊళ్ళోకి చేరడానికి కొంత ఆలస్యమైనా, సాయంత్రం మనం ఇంటి నుంచి బయలుదేరే వేళకు ఇక్కడ చక్కగా వీస్తూ ఉంటుంది. కాబట్టి హోటల్‌కు దక్షిణ, ఆగ్నేయ దిక్కులు తెరిచి ఉన్నాయా లేదా అన్నది నేను మొదట చూస్తాను. ఆ వైపు నాలుగంతస్తుల భవనమో, నీళ్ళ ట్యాంకో, పెద్ద ప్రకటన బోర్డో అడ్డుగా ఉన్న మేడ ఎన్ని రంగుల దీపాలు కట్టుకున్నా ఏప్రిల్, మే నెలల్లో ఎందుకూ పనికిరాదు. తందూరు పొయ్యి ఎక్కడ పెట్టారో కూడా గమనించాలి. దారిన పోయేవాళ్ళకు కనిపించాలని యజమానులు దాన్ని ముందుకు తెచ్చి పెడతారు. ఆ ముందు భాగం దక్షిణమైతే రొట్టెల పొగ అంతా తినేవాళ్ళ కళ్ళలోకే వస్తుంది. కుర్చీ లాక్కోబోయే ముందు ఆ పొగ ఎటు పోతోందో ఒక్క నిమిషం నిలబడి చూస్తే చాలు.

కొన్ని చోట్ల ఈ మధ్య నీటి తుంపర చల్లే పెద్ద ఫ్యాన్లు పెడుతున్నారు. చంద్రాపూర్, నాగపూర్ వంటి పొడి ఎండల ఊళ్ళలో అవి నిజంగా హాయినిస్తాయి, ఎందుకంటే అక్కడి గాలి ఆ తుంపరను వెంటనే పీల్చుకుని చల్లబడుతుంది. మన గాలిలో తేమ ముందే నిండి ఉంటుంది గనుక ఆ నీరు ఆవిరి కాక చొక్కా మీద, అప్పడం మీద పడుతుంది. బరంపురం అప్పడాన్ని మెత్తబరచడానికి అంతకంటే మంచి యంత్రం మరొకటి లేదు. ఆ ఫ్యాను బదులు మామూలు ఫ్యాను పెట్టిన యజమానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఎండ విషయంలో హైదరాబాదు నుంచి వచ్చే చుట్టాలు తరచుగా పొరబడతారు. మనం వాళ్ళకు బాగా తూర్పున ఉన్నాం కనుక ఇక్కడ దాదాపు అరగంట ముందే పొద్దుగూకుతుంది. డిసెంబరులో ఐదుంబావు దాటేసరికే సూర్యుడు కనిపించడు. వెలుతురు ఉండగా మేడ మీద కూర్చుని టీ తాగాలంటే నాలుగున్నరకే అక్కడ ఉండాలి. ఎండాకాలంలో లెక్క తలకిందులవుతుంది. పగలంతా కాగిన సిమెంటు శ్లాబు పొద్దుగూకిన తరువాత కూడా చాలాసేపు వేడి కక్కుతూనే ఉంటుంది. పైనుంచి గాలి వస్తున్నా కాళ్ళ కింది నుంచి సెగ తగులుతూ ఉంటే భోజనం రుచించదు. అందుకే మే నెలలో మేడ మీది హోటళ్ళకు ఎనిమిది దాటిన తరువాతే వెళ్తాను, ఆరు గంటల వేళకు నేల మీద, చెట్టు కింద చోటు వెతుక్కుంటాను. పడమటి వైపు గోడ లేని వసారాలు కూడా మార్చి నుంచి జూన్ దాకా సాయంత్రం ఆరు లోపు కూర్చోవడానికి వీలుకానివే.

పైకప్పు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రేకు కప్పు తక్కువ ఎత్తులో ఉంటే అది పగలు కాల్చేస్తుంది, వానలో మాట వినపడనివ్వదు. ఆకుపచ్చ వల ఎండను సగం ఆపుతుంది, వానను మాత్రం అసలు ఆపదు. తాటాకు పందిరి అన్నిటికంటే చల్లన, అయితే దాని పక్కనే పొయ్యి ఉంటే నేను లోపలికి అడుగు పెట్టను.

చెట్టు నీడ ఉన్న హోటల్ దొరికితే అదృష్టమే. 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫాను మన జిల్లాలో ఎన్ని పెద్ద చెట్లను కూల్చిందో అప్పటివాళ్ళకు తెలుసు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి, గంజాం జిల్లాలను మళ్ళీ దెబ్బతీసింది. ఆ రెండింటినీ తట్టుకుని ఏ హోటల్ వాకిట్లోనైనా పాత చెట్టు నిలిచి ఉంటే, కూర్చోబోయే ముందు అది ఏ చెట్టో తెలుసుకోవాలి. వేప నీడ మంచిదే గాని ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి బోడిగా నిలబడుతుంది. ఆ తరువాత ఉగాది రోజుల్లో పువ్వు సాంబారులో రాలుతూ ఉంటుంది. పండుగ పూట వేపపువ్వు తినేవాళ్ళమే కదా అని నవ్వుకునే ఓపిక ఉంటే సరే. మామిడి చెట్టు పూత మీద ఉన్నప్పుడు తేనెమంచు పురుగు పడుతుంది. అది విసర్జించే జిగురు బల్లల మీద, కుర్చీల మీద సన్నగా కురుస్తుంది, చెయ్యి పెడితే అతుక్కుంటుంది. మిగిలిన నెలల్లో మామిడి నీడకు వంక పెట్టలేం, ఎర్రచీమల గూళ్ళు లేనంత వరకు. మునగ చెట్టు కింద ఎంత చల్లగా ఉన్నా కూర్చోకండి; దాని గొంగళి పురుగు చొక్కాలో పడితే ఆ పూటకు భోజనం అయినట్టే. కొబ్బరి చెట్ల నడుమ బల్లలు వేసే చోట కాయలు దింపించారో లేదో తలెత్తి చూడటం తప్పనిసరి. నాకు బాగా నచ్చేది కానుగ. ఎండలు ముదిరే వేళకు అది కొత్తాకుతో దట్టంగా ఉంటుంది, నీడ నల్లగా పడుతుంది. నిద్రగన్నేరు కూడా తక్కువది కాదు, పగలు గొడుగులా విప్పారిన ఆకు పొద్దుగూకగానే ముడుచుకుంటుంది కాబట్టి రాత్రి గాలికి అడ్డం రాదు.

ఏ చెట్టయినా సరే, సాయంత్రం వెళ్తున్నట్టయితే పైకి చూడటం కంటే బల్ల కింద నేల చూడటం ముఖ్యం. తెల్లటి మరకలు గుంపుగా ఉంటే అక్కడ కాకులో కొంగలో రాత్రి మకాం వేస్తున్నాయని అర్థం. పక్క బల్లకు మారితే సరిపోతుంది, సాధారణంగా అవి రోజూ అదే కొమ్మకు వస్తాయి.

దోమల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మురుగు కాలువ పక్కన లేకపోతే చాలనుకుంటారు. మురికి నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ రాత్రి కుడుతుంది, దానికి కాలువకు దూరంగా కూర్చోవడమే మందు. డెంగీ తెచ్చే ఏడిస్ మాత్రం నిలవ ఉన్న మంచినీటిలో పెరిగి పగటివేళ, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం కుడుతుంది. తోట హోటల్ అని పేరు పెట్టుకుని తామర తొట్లు, ఆగిపోయిన ఫౌంటెన్లు, పూలకుండీల కింద పళ్ళేలు పెట్టి, వారానికి ఒక్కసారైనా నీళ్ళు మార్చని చోట వానరోజుల్లో కూర్చోవడం తెలిసి తెలిసి ముప్పు తెచ్చుకోవడమే. దోమ బలహీనంగా ఎగిరే ప్రాణి కనుక కాళ్ళ వైపు తిప్పిన చిన్న ఫ్యాను దాన్ని బాగా అడ్డుకుంటుంది. ఈ సూక్ష్మం తెలిసిన యజమానులు తక్కువ. ఎక్కువమంది బల్ల కింద దోమల చక్రం వెలిగించి, ఆ పొగలోనే అన్నం వడ్డిస్తారు. దీపాల రంగు కూడా ఇక్కడ పనిచేస్తుంది. నీలిఛాయ తెల్ల దీపాలకు పురుగులు ఎక్కువగా చేరతాయి, పసుపు దీపాలకు తక్కువ. తొలకరి తరువాత ఉసిళ్ళు లేచే రెండు మూడు రాత్రులు మాత్రం ఏ దీపమూ కాపాడదు, ఆ రోజుల్లో ఇంట్లో తినడం మేలు.

మా అమ్మలా మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళను తీసుకువెళ్ళేటప్పుడు నేను చేతులున్న గట్టి కుర్చీ ఉందా, చెయ్యి కడుక్కునే చోటుకు ఎన్ని మెట్లు దిగాలి, మట్టి నేలలో కుర్చీ కాళ్ళు దిగబడతాయా అన్నవి ముందే చూసి వస్తాను. పేటలోని హోటల్ వల్ల ఉన్న సుఖం అదే. సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు లోపలికి తొంగిచూసి, పనిచేసే కుర్రాడిని “ఇటు ఎండ ఎప్పటిదాకా ఉంటుంది బాబూ?” అని తెలుగులోనో ఒడియాలోనో అడిగి రావచ్చు. రోజంతా అక్కడే తిరిగే అతనికి తెలిసినంత యజమానికి కూడా తెలియదు.

ఆరుబయట తినేటప్పుడు వంటశాలకూ బల్లకూ మధ్య దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. గాలికి ఇడ్లీ త్వరగా చల్లారిపోతుంది, దోసె తోలులా సాగుతుంది, పూరీ చప్పబడుతుంది. కింద వండి మూడో అంతస్తుకు మోసుకువచ్చే హోటల్లో దోసె చెప్పడం దండగ. అక్కడ వడ, ఘుగునీ (బఠాణీల కూర), ఆలూదమ్ వంటివి చెప్పుకుంటే నష్టం లేదు, చల్లారినా వాటి రుచి పెద్దగా పోదు. కొబ్బరి పచ్చడి వేడికి త్వరగా పులుస్తుంది గనుక ఎండాకాలంలో బల్ల మీద మూత లేని గిన్నెలో పెట్టి ఉంచిన పచ్చడిని ముట్టుకోకపోవడం మంచిది. అందుకే పొద్దుటి టిఫిన్‌కు నా ఓటు మేడలకు కాదు, పొయ్యి ఎదురుగా నాలుగు బల్లలు వేసిన రోడ్డు పక్క దుకాణానికే. ఏడున్నర లోపు దుమ్ము లేవదు, బస్సులు తక్కువ, ఇడ్లీ పాత్ర నుంచి తిన్నగా పళ్ళెంలోకి వస్తుంది. అదే దుకాణం సాయంత్రం ఆరింటికి, ఆటోల పొగ మధ్య, కూర్చోవడానికి వీలుకాని చోటవుతుంది. కాలిబాట మొత్తం కుర్చీలతో నింపి నడిచేవాళ్ళను రోడ్డు మీదికి నెట్టే హోటళ్ళకు వంట ఎంత బాగున్నా నేను వెళ్ళను. 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా బహిరంగ స్థలాల్లో పొగతాగడంపై నిషేధం ఉన్నా, బయట బల్ల అంటే సిగరెట్టు బల్ల అనుకునే వాళ్ళు ఇంకా ఉన్నారు. పిల్లలతో వెళ్ళినప్పుడు మారు మాట లేకుండా వేరే బల్ల అడగండి.

గోపాలపూర్ తీరం పేటలోని హోటల్ లెక్కలోకి రాదు గాని, ఆదివారం వస్తే అందరం అటే పోతాం కనుక ఒక మాట. అక్కడ గాలి కొరత ఉండదు, ఎక్కువైపోవడమే బాధ. ఎండాకాలపు సాయంత్రాల్లో ఇసుక చేపల వేపుడులో పడకుండా నడుము ఎత్తు గోడ వెనక బల్ల చూసుకోవాలి. ఉప్పుగాలికి ఇనుప కుర్చీలు త్వరగా తుప్పు పడతాయి, చీర కట్టుకున్నవాళ్ళు అంచులు చూసి కూర్చోవాలి.

జూన్ మధ్య నుంచి అక్టోబరు దాకా బయట బల్ల దొరికితే సరిపోదు, వాన వస్తే లోపల బల్ల ఇస్తారా అని ముందే అడగాలి. లోపలి చోటు తక్కువగా ఉండి బయట ఎక్కువ బల్లలు వేసిన హోటల్లో, జల్లు మొదలవగానే పళ్ళేలు చేత పట్టుకుని గుమ్మంలో నిలబడవలసి వస్తుంది.

బిల్లు గురించి ఒక అపోహ ఇంకా వినిపిస్తోంది. 2017 జులైలో జీఎస్టీ మొదలైనప్పుడు ఏసీ ఉన్న హోటళ్ళకు 18 శాతం, లేనివాటికి 12 శాతం పన్ను ఉండేది. అదే ఏడాది నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంట్లన్నిటికీ 5 శాతమే అయింది. కాబట్టి బయట కూర్చుంటే పన్ను తక్కువ పడుతుందన్నది ఇప్పుడు నిజం కాదు. బయటి బల్లకు వేరే ధరల పట్టీ పెట్టారా అన్నది మాత్రం అడగదగ్గ విషయమే. సర్వీస్ ఛార్జి పేరుతో తమంతట తామే మొత్తం కలపకూడదని 2022 జులై 4న వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆ మొత్తాన్ని తీసివేయమని అడగడానికి మొహమాటం అక్కరలేదు.

కొరాపుట్, జయపురం వైపు ఉన్నవాళ్ళకు నేను చెప్పిన దాంట్లో సగం తిరగేసి చదువుకోవలసి ఉంటుంది. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్లకు దగ్గరగా ఉన్న కొరాపుట్‌లో చలికాలం సాయంత్రం గాలి వచ్చే మేడ శిక్ష అవుతుంది. అక్కడ మంచు తొలగాక తూర్పు ఎండ పడే వాకిలి, వెనుక గాలిని ఆపే గోడ ఉన్న హోటల్‌ను పొద్దుటి టిఫిన్‌కు ఎంచుకోవాలి, రాత్రి భోజనానికి లోపలే కూర్చోవాలి.