కొరాపుట్ ఘాట్లలో బండే ఇల్లుగా: నా అనుభవం

నా పని సోలార్ పంపుల సర్వీసు. సొంతూరు ఒడిశాలోని పర్లాకిమిడి. అక్కణ్ణుంచి గుణుపురం, రాయగడ, కొరాపుట్ మీదుగా కింద మల్కన్‌గిరి దాకా నా ఏరియా. కొండ మీద ఊళ్లో పంపు ఆగిందంటే తాగునీళ్లు ఆగినట్టే, ఫోన్ రాగానే బయల్దేరాలి. ఇదివరకు జయపురంలో లాడ్జి తీసుకుని, బైక్ వెనక సామాను కట్టుకుని తిరిగేవాణ్ణి. పైకెక్కాక పంపును నడిపే కంట్రోలర్ బోర్డు పోయిందని తేలితే, దానికోసం మళ్లీ ఘాట్ అంతా దిగాల్సిందే. మా ఆవిడ కంప్యూటర్ మీద అకౌంట్ల పని చేస్తుంది, నెట్ ఉంటే ఎక్కడున్నా సాగిపోతుంది. ఇద్దరం కూర్చుని లెక్కలు వేసుకుని, అద్దె ఇల్లు ఖాళీ చేసి వ్యాన్‌లోకి మారిపోయాం. విడిభాగాలూ వంటిల్లూ మంచమూ అన్నీ ఇప్పుడు మాతోనే వస్తాయి.

ఈ ఆలోచన ఉన్నవాళ్లకు మొదట చెప్పేది కాగితాల గురించే. మామూలు ప్యాసింజర్ బండి కొని, సీట్లు పీకించి, బాడీ కోయించి ఇల్లు చేసుకుందామనుకునేవాళ్లు చాలామంది కనిపిస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దీనికి అడ్డు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది ఆర్సీలో ఉన్నదీ రోడ్డు మీద ఉన్నదీ ఒకటేనా అని. అందుకే ఆర్సీలోనే మోటార్ కారవాన్ అని రాసి ఉన్న సెకండ్ హ్యాండ్ ఫోర్స్ ట్రావెలర్ కోసం ఆగాం. విశాఖపట్నంలో దొరికింది. నెట్టేది వెనక చక్రాలు కావడంతో, బరువుతో బురద ఎత్తు ఎక్కేటప్పుడు నాకు ధైర్యంగా ఉంటుంది.

ఆంధ్రా బండిని ఒడిశాలో ఉంచుకోవడం ఇంకో పని. పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడి నంబరు వేయించుకోవాలి. రాష్ట్రం మారినా మార్చక్కర్లేని భారత్ సిరీస్ నంబరు 2021లో వచ్చింది కానీ, ప్రైవేటు ఉద్యోగికి అది కావాలంటే కంపెనీకి నాలుగు రాష్ట్రాల్లోనైనా ఆఫీసులుండాలి. మా కంపెనీకి లేవు. బండి పాత ఆర్టీఓ ఆఫీసులో ఎన్ఓసీకి, అంటే అభ్యంతరం లేదన్న కాగితానికి, ఫారం 28, పేరు మార్పిడికి 29, 30, ఇక్కడ కొత్త నంబరుకు 27. పాత చలాన్లు ఒక్కటి మిగిలినా ఎన్ఓసీ ఆగిపోతుంది కాబట్టి, అమ్మేవాళ్ల చేత అవి ముందే కట్టించేయండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయాలి. ఘాట్ బురద అట్ట కట్టి నంబరే కనపడలేదు, కిరోసిన్ గుడ్డతో తుడిచి, బండి కింద పడుకుని తీశాను. ఒక ఆఫీసులో మా ఫైలు కదలడానికి చాలా తిప్పారు. ఒక బల్ల దగ్గర అడిగినది ఇంకో బల్ల దగ్గర అక్కర్లేదనేవారు. ప్రతి కాగితానికీ రసీదు తీసుకుని ఫోటో తీసి పెట్టుకోవడం వల్లే గట్టెక్కాం. రోడ్ ట్యాక్స్ ఇక్కడ మళ్లీ కట్టాలి, అక్కడ కట్టినదాంట్లో మిగిలింది వెనక్కి అడగాలి.

కరెంటు నాకు తెలిసిన విద్యే కాబట్టి తొందరగా చెప్పేస్తాను. 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలు రెండు పెట్టాను, అంటే రెండున్నర యూనిట్లు. చిన్న డీసీ ఫ్రిజ్ రోజుకు అర యూనిట్ దాకా తింటుంది. ఫ్యాన్, ల్యాప్‌టాప్, లైట్లు కలిపినా ఎండ ఉంటే పై ప్యానెల్ సరిపోతుంది. ఆషాఢం, శ్రావణం మాత్రం ఎండ మొహం చూపించదు. అప్పుడు ఆదుకునేది ఇంజిన్ నుంచి ఛార్జ్ చేసే డీసీ ఛార్జర్. 30 ఆంపియర్లది, రెండు గంటలు నడిపితే ముప్పావు యూనిట్ వస్తుంది. ఇండక్షన్ పొయ్యి జోలికి పోవద్దు. అయిదు కిలోల చిన్న సిలిండర్ వాడుతున్నాం, దానికి ఇంటి అడ్రస్ ప్రూఫ్ అడగరు. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందికి దిగుతుంది. అందుకని సిలిండర్ ఉండే అరకు కింది భాగంలో కన్నాలు పెట్టించి, అవి బండి బయటికి తెరుచుకునేలా చేయించాను. ఎవరు బండి చూపించమన్నా ముందు ఆ కన్నాలే చూపిస్తాను.

చలి సంగతి నేను ఇంతుంటుందని అనుకోలేదు. డిసెంబరులో పొట్టంగి, సిమిలిగుడ దగ్గర రాత్రి పడుకుంటే తెల్లారేసరికి లోపలి రేకు అంతా చెమట. మన ఊపిరిలో ఆవిరే అది. పరుపు కింద చెయ్యి పెడితే తడి, రెండు వారాలు పట్టించుకోకపోతే బూజు వాసన. రెండు కిటికీలు వేలెడంత తెరిచి, పరుపు కింద చెక్క బద్దలు వేశాక తగ్గింది. వెచ్చదనానికి పొయ్యి వెలిగించి పడుకోవద్దు, మూసిన బండిలో ఆ మంట నుంచి వచ్చే విషవాయువు ప్రాణం తీస్తుంది. కిందకు మల్కన్‌గిరి వైపు దిగితే దోమలు. అక్కడ మలేరియాను తేలిగ్గా తీసుకోకూడదు, తలుపుకు కూడా జాలీ ఉండాల్సిందే. నీళ్లు ఇరవై లీటర్ల క్యాన్లలో పడతాం. వంద లీటర్ల ట్యాంకు పెట్టుకోవచ్చు, కానీ సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ఆ వంద కిలోలూ ఇంజిన్ మొయ్యాలి.

ఇవన్నీ డబ్బుతో, తెలివితో సర్దుకునేవి. ఈ సరిహద్దులో బండి కాపురం నిలబడేదీ కూలేదీ రాత్రి ఎక్కడ ఆగుతామన్న దాని మీదే. తెర వేసి ఉన్న బండి, ఎవరూ ఎరగని మనుషులు, చీకటి పడ్డాక ఊరి చివర. ఎవరికైనా అనుమానం రావడం న్యాయమే. అందుకే మేం వెలుతురుండగానే ఊళ్లోకి వెళ్లి, వార్డు మెంబరునో బడి మాస్టారినో కలిసి, ఎవరం, ఏ పంపు కోసం వచ్చాం, రేపు ఎన్నింటికి వెళ్తాం అన్నీ చెప్పి, చోటు వాళ్లనే చూపించమంటాం. మనం ఎంచుకున్న చోటుకీ వాళ్లు చూపించిన చోటుకీ చాలా తేడా. గజపతి, రాయగడ వైపు ఏనుగులు ఏ దారిన దిగుతాయో వాళ్లకు తెలుసు. ఇసుక చదునుగా ఉందని ఏటి ఒడ్డున ఆగబోతే, పైన వాన పడితే నీళ్లు ఎంత దాకా వస్తాయో చెట్టు మీది గుర్తు చూపించి చెబుతారు. గుణుపురం దగ్గర ఒక రైస్ మిల్లు ముందు ఆగి అడిగితే, అక్కడి పెద్దాయన మా ఆవిణ్ణి చూసి, "ఆడకూతురుతో బయటేటి బాబూ, గేటు లోపలికెట్టీండి బండి" అన్నాడు. ఆ దారిన వెళ్తే ఇప్పటికీ మా మజిలీ అక్కడే. మిల్లులో పాడైన సోలార్ లైట్లు నేను బాగుచేసి పెడతాను, డబ్బు ప్రసక్తి రాదు.

చెక్‌పోస్టుల గురించి కూడా చెప్పాలి. కొరాపుట్, మల్కన్‌గిరి వైపు నుంచి ఆంధ్రాలోకి గంజాయి రవాణా జరుగుతుందని అందరికీ తెలిసిందే. మంచమూ అల్మరాలూ ఉన్న బండి వస్తే ఆపక మానరు. ఒకచోట రాత్రిపూట పరుపు, బియ్యం డబ్బా, మా ఆవిడ బట్టల పెట్టె కూడా రోడ్డు మీదికి దింపించారు. తను ఏమీ అనలేదు కానీ ఆ రాత్రి నిద్రపోలేదు. వాళ్ల డ్యూటీ వాళ్లది, ఒప్పుకుంటాను. ఆడవాళ్ల బట్టలు వెతకడానికి ఆడ కానిస్టేబుల్ ఉండాలి కదా అన్న బాధ మాత్రం నాకు పోలేదు. ఆ తర్వాత బండిలో ప్రతి అరకూ పానాలు, స్క్రూడ్రైవరు అక్కర్లేకుండా చేత్తో తెరుచుకునే మూతలు పెట్టించాను. మూసేసిన ఖాళీ జాగా బండిలో ఎక్కడా లేదు. కంపెనీ వర్క్ ఆర్డరు, ఆర్సీ, ఇన్సూరెన్స్, ఏ అరలో ఏముందో రాసిన కాగితం, అన్నీ ఒకే ఫైల్లో డ్రైవరు సీటు వెనకే ఉంటాయి. కొత్త ఏరియాలో ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తే ముందుగా ఠాణాకు వెళ్లి చెప్పి వస్తాం. రాత్రి ప్రయాణం మానేశాం. ఇప్పుడు ఆపినా త్వరగానే వదులుతున్నారు.

ఆధార్, బ్యాంకు, ఓటు అన్నీ పర్లాకిమిడిలో అమ్మావాళ్ల ఇంటి అడ్రస్ మీదే ఉంచాం. అది లేకపోతే ఈ పద్ధతి మాకు కుదిరేది కాదు. ట్యాక్స్ వాపసు డబ్బు ఇంకా రాలేదు. ఆ ఉత్తరం కూడా ఆ ఇంటికే రావాలి, నాన్నగారికి చెప్పి ఉంచాను. వానలు మొదలయ్యేలోగా తలుపు మీద చూరులా ఒక పందిరి గుడ్డ బిగించాలి, తడిసిన బూట్లు విప్పుకోవడానికి చోటు లేక మా ఆవిడ రోజూ గొడవ.