మన చెన్నై రాయి చార్నొకైట్

ఈ ఆదివారం మా అమ్మాయిని పల్లావరం తీసుకెళ్లి చార్నొకైట్ చూపించాను. చాలా రోజులుగా ఉన్న కోరిక.

కలకత్తాలో ఈస్ట్ ఇండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీదున్న రాయి మన మద్రాసు వైపుదే. 1893లో భూవిజ్ఞాని థామస్ హాలండ్ దాన్ని పరిశీలించి ఆ రకం రాయికి చార్నాక్ పేరే పెట్టారు. ప్రపంచంలో ఎక్కడ దొరికినా దాన్ని ఇప్పుడు అలాగే పిలుస్తారు. ఇంత పెద్ద సంగతి ఎయిర్‌పోర్టు పక్కనే ఉంటే ఊళ్లో ఎంతమందికి తెలుసు?

గుర్తుపట్టాలంటే తాజాగా పగిలిన ముఖం చూడాలి. పైపైన గోధుమ రంగు ఉన్నా, లోపల ముదురు రంగులో, నూనె రాసినట్టు మెరుస్తుంది. అందులోని క్వార్ట్జ్ అనే ఖనిజం కూడా తెల్లగా కాక నీలం కలిసిన బూడిద రంగులో ఉంటుంది. భూమి లోతుల్లో, తడి దాదాపు లేని విపరీతమైన వేడిలో తయారైన రాయి ఇది. మా విశాఖ కొండల్లోనూ ఉంది, ఖొండలైట్ అనే మరో రాయితో కలిసి.

జియలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ సైట్‌లో ఎక్కడ ఏ రాయి ఉందో చూపే మ్యాపులు ఉచితంగా చూడొచ్చు. ముందు ఏ రంగు ఏ రాయో చెప్పే పట్టిక చదవండి. మ్యాపులో పొడవు గీత రాతి పొర సాగే దిక్కు, దాని మీది చిన్న గీత వాలే దిక్కు, పక్కనున్న అంకె ఎన్ని డిగ్రీల వాలో చెబుతాయి. మా అమ్మాయి ఇది పది నిమిషాల్లో పట్టేసింది!

ఒక్క మనవి. పల్లావరంలో ఉన్నది జాతీయ భూవిజ్ఞాన స్మారకం, అక్కడ సుత్తి వేయకండి. ముక్క కావాలంటే రోడ్డు పక్క కంకరలో వెతకండి.