పద్మిని తలుపు అద్దం: తిరుపతిలో నా అనుభవం

మా పాత కారు ప్రీమియర్ పద్మినికి ఎడమ ముందు తలుపు అద్దం ఎట్టకేలకు ఎక్కింది. అద్దాల షాపులోళ్ల మీద కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

విప్పడం సులువు. హ్యాండిల్ వెనక బిళ్ళ లోపలికి నొక్కితే పిన్ను గానీ క్లిప్పు గానీ కనబడుతుంది, అది తీసి తలుపు లోపలి అట్ట (ట్రిమ్ బోర్డు) ఊడదీయాలి. తలుపు అడుగున చేరిన గాజు నూక మొత్తం వ్యాక్యూమ్‌తో లాగేయండి. నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోతే తలుపు తుప్పు పడుతుంది.

అసలు తంటా అద్దం దగ్గర. తిరుపతిలో ఏ షాపుకు పోయినా ఒకటే మాట: "సాయంత్రానికి కోసిస్తాం అన్నా, టఫెన్డే!" శుద్ధ అబద్ధం. టఫెన్డ్ అంటే పగిలితే నూకయ్యేలా వేడిచేసి గట్టిపరిచిన అద్దం. దాన్ని ముందు కోసి, అంచులు అరగదీసి, ఆ తర్వాతే సుమారు 620 నుంచి 650 డిగ్రీల వేడికి తీసుకుపోయి, గాలి కొట్టి గబుక్కున చల్లారుస్తారు. పై పొర బిగుసుకుని, లోపలి పొర లాగుతూ ఉంటుంది. ఆ బిగువు మీద అద్దం కోసే డైమండ్ పెడితే మొత్తం నూకైపోతుంది. కాబట్టి మీ కళ్ల ముందు కోసి అప్పటికప్పుడు చేతిలో పెట్టింది మామూలు అద్దమే. గుద్దుకుంటే కత్తుల్లా చీలేది అదే. పోలరైజ్డ్ కళ్లజోడు పెట్టుకుని, ఆకాశం వెలుతురు అద్దం మీద పడేటట్టు ఏటవాలుగా చూడండి. టఫెన్డ్ అయితే మచ్చలో చారలో కనిపిస్తాయి. నేనట్లా చూపించినాక షాపాయన మాట మార్చి సన్ ఫిలిం అమ్మబోయినాడు. ఫిలిం అంటించకూడదని సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం, ముందు వెనక అద్దాల్లోంచి 70 శాతం వెలుతురు రావాలనేది అద్దం తయారీకే పెట్టిన లెక్కని అప్పుడు కోర్టు చెప్పింది.

కుడి తలుపు అద్దం బాగుంటే అదే మీ అచ్చు. ముందు దానిమీద స్టీలు స్కేలు నిలువునా అడ్డంగా పెట్టి చూడండి. సందు లేకపోతే చదునుది, తిరగేస్తే ఎడమది అవుతుంది. వంపు ఉంటే ఈ దారి వదిలేసి చెన్నైలో పాత బండి సామాన్లు అమ్మే పుదుపేటలో పాత అద్దం వెతుక్కోవాల్సిందే. అక్కడ కొనేటప్పుడు గీతలకన్నా అంచుల పెచ్చులు ముఖ్యం. అంచు పెచ్చూడిన టఫెన్డ్ అద్దం ఎప్పుడు పగులుతుందో చెప్పలేం.

మందం వెర్నియర్‌తో కొలవండి. నాది 5 మిల్లీమీటర్లు. అచ్చు హార్డ్‌బోర్డులో, సన్నటి పెన్సిలుతో గీసి కోయండి. మార్కరుతో గీస్తే చుట్టూ మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది. డైమండ్ చక్రం అచ్చు అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు ఎడంగా నడుస్తుంది కాబట్టి ఆ తేడా ముందు పనికిరాని ముక్క మీద కొలిచి, అచ్చులో తగ్గించాలి. అంచు అరగదీతకు సుమారు ఒక మిల్లీమీటరు వదలాలి. అద్దం జారే ముందు వెనక గాడుల్లో (ఛానళ్లలో) పట్టకుండా చెరో పక్క 2 మిల్లీమీటర్ల సందు చాలు. అడుగు అంచు దాన్ని పట్టుకునే అడుగు ఛానల్ లోపల దాక్కుంటుంది, అక్కడ కొంచెం తగ్గినా ఫరవాలేదు.

ఇది మాత్రం మరవద్దు: కోసిన మామూలు అద్దాన్ని టఫెనింగ్‌కు ఇవ్వకముందే తలుపులో పెట్టి పైకీ కిందికీ తిప్పి చూడాలి. పట్టేస్తే అప్పుడే అరగదీయొచ్చు. ఫర్నేసు నుంచి వచ్చినాక ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గించలేం. ఈ మాట నాకు ఒక్క షాపాయనా చెప్పలేదు.

టఫెనింగ్‌కు చెన్నై వైపు పోవాల్సొచ్చింది. "ఒక్క ముక్కకు ఫర్నేసు ఎక్కియ్యాలా సార్?" అని గేటు దగ్గరే నవ్వినారు. వాళ్ల బాధా ఉంది. ఒక మందానికి సెట్ చేసిన ఫర్నేసులో ఇంకో మందం వెయ్యరు, బయటి అద్దం లోపల పేలితే పూచీ ఉండదు. అందుకని ముందే ఫోన్ చేసి 5 మిల్లీమీటర్ల లోడు ఎప్పుడుందో కనుక్కుని, రెండు ముక్కలు తీసుకుపోండి. తిరిగి తెచ్చుకునేటప్పుడు స్కేలు పెట్టి వంపు చూడండి, వంగితే ఛానల్లో పట్టేస్తుంది. త్రికోణం అద్దం లాంటి చిన్నవి రోలర్ల మీద సరిగా నడవవు, చాలామంది ఒప్పుకోరు.

ఇంకో సంగతి. కారు అద్దానికి ప్రమాణం ఐ.ఎస్. 2553 రెండో భాగం. ఇళ్ల అద్దాలు చేసే ప్లాంటులో ఆ ముద్ర రాదు. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యువల్‌కు బండిని తనిఖీ చేస్తారు కాబట్టి, కారు అద్దాలు చేసేవాళ్లు దొరికితే రెండు రూపాయలు ఎక్కువైనా వాళ్లకే ఇవ్వండి. లామినేటెడ్ వేద్దామంటే 3 మిల్లీమీటర్ల పలకలు రెండూ, మధ్య 0.76 ప్లాస్టిక్ పొరా కలిపి 6.76 అవుతుంది. నా ఛానల్లో దూరదు.

బిగించేటప్పుడు అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ కొత్తదే వేయండి. అడుగు ఛానల్లో రబ్బరు పట్టీ పెట్టి, సబ్బునీళ్లు రాసి, చెక్క సుత్తితో ఛానల్‌నే తట్టాలి, అద్దాన్ని కాదు. ఇంజిను ఆయిలు, గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. సిలికాన్ స్ప్రే చాలు. అద్దం ఎత్తి దించే వైండరు బోల్టులు వదులుగా ఉంచి, అద్దం పూర్తిగా పైకెత్తినాకే బిగించండి.